హైస్కూలు పిల్లలకు ఎన్నికల ప్రక్రియ నేర్పడం ఎలా: ఓటర్ల జాబితా నుంచి లెక్కింపు బల్ల వరకు

ప్రకాశం, నెల్లూరు జిల్లాల ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారిలో ఎన్నికల విధులకు వెళ్లనివారు అరుదు. పోలింగ్ ముందురోజు పంపిణీ కేంద్రంలో యంత్రాలు, కవర్లు, ఫారాలు సరిచూసుకుని, ఆర్టీసీ బస్సులో కేటాయించిన ఊరు చేరి, ఆ ఊరి బడిలోనే బెంచీలు కలుపుకుని పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, అసలు పోలింగుకు ముందు యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్‌కు సిద్ధమైన అనుభవం మనలో చాలామందికి ఉంది. అయినా తరగతి గదిలో అడుగుపెట్టేసరికి ఆ అనుభవాన్ని గుమ్మం బయటే వదిలేసి, ఓటు విలువ మీద ఒక వ్యాసం రాయించి, జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం ప్రతిజ్ఞ చేయించి, వీధిలో ఒక ర్యాలీ తీసి సరిపెడుతున్నాం. ర్యాలీలో అరిచిన పిల్లవాడికి నినాదం గుర్తుంటుంది గాని, పోలింగ్ ముగిశాక యంత్రంలోని ఓట్ల సంఖ్యను ఓటర్లు సంతకం చేసిన రిజిస్టరులోని సంఖ్యతో ఎందుకు సరిపోల్చుతారో తెలియదు.

కనిగిరి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కొన్నేళ్లుగా నమూనా ఎన్నికలు జరిపించిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: అభ్యర్థిగా నిలబడిన పిల్లలకంటే పోలింగ్ అధికారిగా, అభ్యర్థి తరఫు ఏజెంటుగా కూర్చున్న పిల్లలే ఎన్నికను బాగా నేర్చుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రచారానికి తక్కువ చోటు, కాగితాలకు ఎక్కువ చోటు ఇచ్చాను. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలతో, మూడు వారాల్లో ఎనిమిది పీరియడ్లు, పోలింగుకు ఒక పూర్తి రోజు, లెక్కింపుకు మరో పూట కేటాయించగలిగితే చాలు. పాఠశాలలో ఎన్నికల అక్షరాస్యతా క్లబ్ ఇప్పటికే పేరుకు ఉండి ఉంటే, దానికి నిజమైన పని దొరికినట్టే.

మొదటి అడుగు: మన ఊరు ఏ నియోజకవర్గంలో ఉందో తేల్చడం

ఎన్నికల సంఘం నిర్మాణంతోనో, 324వ అధికరణంతోనో మొదలుపెడితే పిల్లలు మొదటి పీరియడులోనే జారిపోతారు. జిల్లా పటం గోడకు తగిలించి, 'మీ ఇంట్లోవాళ్లు ఓటు వేస్తే ఎవరు ఎంపీ అవుతారు?' అని అడగండి. జిల్లా పేరే పార్లమెంటు నియోజకవర్గం పేరని ఎక్కువమంది అనుకుంటారు. ఒంగోలు లోక్‌సభ స్థానంలో ఎర్రగొండపాలెం, దర్శి, ఒంగోలు, కొండపి, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ఉన్నాయి. ఒంగోలు పట్టణాన్ని ఆనుకునే ఉన్న సంతనూతలపాడు మాత్రం బాపట్ల లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. నెల్లూరు లోక్‌సభ స్థానంలో కందుకూరు, కావలి, ఆత్మకూరు, కోవూరు, నెల్లూరు సిటీ, నెల్లూరు రూరల్, ఉదయగిరి ఉండగా, నెల్లూరు జిల్లాలోనే ఉన్న సర్వేపల్లి ఓటర్లు తిరుపతి ఎంపీని ఎన్నుకుంటారు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది గాని, లోక్‌సభ ఎన్నికల్లో అది అంతకు ముందు నుంచే నెల్లూరు స్థానంలో ఉంది. జిల్లా హద్దును ప్రభుత్వం గీస్తుంది, నియోజకవర్గం హద్దును డీలిమిటేషన్ సంఘం గీస్తుంది అనే విషయం ఈ పటం చూపించాక ఇక విడిగా చెప్పనక్కర్లేదు.

ఎర్రగొండపాలెం, కొండపి, సంతనూతలపాడు ఎస్సీ రిజర్వుడు స్థానాలు కాబట్టి, 'అక్కడ ఎస్సీలు మాత్రమే ఓటు వేస్తారా?' అనే ప్రశ్న ప్రతి ఏడూ ఏదో ఒక మూల నుంచి వస్తుంది. రిజర్వేషన్ అభ్యర్థికే గాని ఓటరుకు కాదని, ఆ నియోజకవర్గంలోని ఓటర్లందరూ ఓటు వేస్తారని అప్పుడే స్పష్టం చేయండి. ఆ తరువాత వయసుల పట్టిక ఇస్తే చాలు: ఓటుకు 18, సర్పంచి పదవికి 21, శాసనసభకు, లోక్‌సభకు 25, రాజ్యసభకు, శాసనమండలికి 30. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989లో. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలను భారత ఎన్నికల సంఘం, పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతాయన్న తేడాను కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పిల్లలు చూసే గ్రామ పంచాయతీ ఎన్నికలో బ్యాలెట్ పత్రం ఉంటుంది, పార్టీ గుర్తు ఉండదు.

రెండో అడుగు: దేనికి ఓటు వేయాలో నిర్ణయించడం

పాఠశాల నిజంగా అమలు చేయగల పదవినో, పనినో పెట్టకపోతే ఇదంతా నాటకంగా మిగిలిపోతుంది. మా బడిలో గ్రంథాలయ కార్యదర్శి పదవికి ఎన్నిక పెట్టాం. గెలిచినవారు ఆ ఏడాది కొనే పుస్తకాల జాబితాలో సగం నిర్ణయించవచ్చునని ప్రధానోపాధ్యాయుడి చేత ముందే రాతపూర్వకంగా ఒప్పించుకున్నాం. నీటి సమస్య ఉన్న చోట తాగునీటి కమిటీకి నాయకుణ్ణి ఎన్నుకోవచ్చు. అసలు పార్టీలు, అసలు నాయకులు, అసలు మేనిఫెస్టోలు తరగతి గదిలోకి రాకూడదు. మనం ప్రభుత్వోద్యోగులం కావడం ఒక కారణమైతే, ఎన్నికల ప్రచారంలో పిల్లలను వాడుకోరాదన్న ఎన్నికల సంఘం ఆదేశం మరో కారణం. నిజమైన ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న రోజుల్లో ఈ కార్యక్రమం పెట్టుకోకపోవడం మంచిది.

గుర్తుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. తోచిన గుర్తు గీయమంటే పిల్లలు తలెత్తి ఫ్యాను గీస్తారు, బయటికి చూసి సైకిలు గీస్తారు, టీచరు బల్లమీద చూసి గాజు గ్లాసు గీస్తారు, మూడు నిమిషాల్లో మన రాష్ట్ర రాజకీయమంతా బోర్డు మీదికి వచ్చేస్తుంది. సుద్దముక్క, గంట, స్కేలు, జామెట్రీ బాక్సు వంటివి మీరే ఇవ్వండి.

మూడో అడుగు: ఓటర్ల జాబితా

రెండు పీరియడ్లు దీనికే పెట్టండి. హాజరుపట్టీ చూసి ముసాయిదా జాబితా తయారుచేసే పని ఇద్దరు పిల్లలకు అప్పగించి, వారిని బూత్ లెవల్ అధికారులుగా పరిగణించండి. జాబితాలో కావాలనే ఆరేడు తప్పులు ఉంచండి: ఒక పేరు రెండుసార్లు, ఒక ఇంటిపేరు తప్పు, టీసీ తీసుకుని వెళ్లిపోయిన ఒక విద్యార్థి పేరు, కొత్తగా చేరిన ఒకరి పేరు లేకపోవడం. దాన్ని నోటీసు బోర్డు మీద మూడు రోజులు అంటించి, పేరు చేర్చడానికి ఫారం 6, తొలగింపునకు, అభ్యంతరానికి ఫారం 7, సవరణకు, చిరునామా మార్పునకు ఫారం 8 నమూనాలు అందుబాటులో ఉంచండి. మొదటి రోజు ఎవరూ చూడరు. తన పేరు తప్పుగా ఉన్న పిల్ల కనిపెట్టగానే రెండో రోజుకు బోర్డు దగ్గర గుంపు చేరుతుంది.

మా ప్రాంతంలో ఈ పాఠం మరింత లోతుకు పోతుంది. పనుల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి, ఓట్ల రోజున బస్సెక్కి వచ్చే కుటుంబాలు ప్రతి తరగతిలోనూ ఉంటాయి. 'మా నాన్న ఓటు ఎక్కడ ఉండాలి సార్?' అన్న ప్రశ్నకు చట్టం చెప్పే మాట 'సాధారణ నివాసం'. ఒక ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ సాధారణ నివాసి అయిపోరు. అలాగే తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ హోదా పోదు. రెండు చోట్ల మాత్రం పేరు ఉండకూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని ఈ నియమాలను చెప్పాక, హాస్టలులో ఉంటున్న విద్యార్థిని, సంక్రాంతికి మాత్రమే వచ్చే కుటుంబాన్ని ఉదాహరణలుగా ఇచ్చి, నిర్ణయం పిల్లల చేతనే చెప్పించి, కారణం రాయించండి. వాదన వేడెక్కితే ఆపకండి. ఎవరి కుటుంబం వివరాలూ తరగతిలో బయటపెట్టకుండా చూడటం మాత్రం మన బాధ్యత.

నాలుగో అడుగు: నోటిఫికేషను, నామినేషన్లు

ఎన్నికల తేదీలు ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు పెట్టేవి కావని చూపించడానికి 2024 ఎన్నికల తేదీలను బోర్డు మీద రాయండి. మన రాష్ట్రంలో ఏప్రిల్ 18న నోటిఫికేషను, 25న నామినేషన్లకు చివరి రోజు, 26న పరిశీలన, 29న ఉపసంహరణకు చివరి రోజు, మే 13న పోలింగ్. తరువాత 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని నియమం చెప్పండి: నోటిఫికేషను తరువాత ఏడో రోజు నామినేషన్ల గడువు, ఆ మర్నాడు పరిశీలన, పరిశీలన తరువాత రెండో రోజు ఉపసంహరణ గడువు, ఆ తరువాత కనీసం పద్నాలుగో రోజుకు గాని పోలింగ్ ఉండదు. లెక్క వేయమంటే, ఉపసంహరణ 28న కదా ఉండాల్సింది, 29 ఎందుకైందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. జవాబు మీరు చెప్పకండి, పాత క్యాలెండరు వెతికి చూడమనండి. 2024 ఏప్రిల్ 28 ఆదివారం.

నామినేషను పత్రం తయారుచేసేటప్పుడు, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒకరు ప్రతిపాదిస్తే చాలునని, స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలని చెప్పి, మీ ఎన్నికలో అందరూ స్వతంత్రులే కనుక పది సంతకాలు తెమ్మనండి. ధరావతు శాసనసభకు 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. బడిలో డబ్బు వసూలు చేయకుండా అట్టముక్క టోకెను పెట్టండి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత అభ్యర్థులు తమపై ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో చెప్పాల్సి వస్తున్నది కనుక, పిల్లలకూ ఒక ప్రమాణపత్రం ఉండాలి. అందులో గ్రంథాలయానికి తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు ఎన్ని, గత ఏడాది చేసిన బడి పనులేమిటి వంటివి అడగండి. మార్కులు, ఇంటి ఆదాయం అడగవద్దు.

పరిశీలన రోజున, ఎన్నిక మొత్తానికి బాధ్యత వహించే రిటర్నింగ్ అధికారిగా ఒక విద్యార్థినిని కూర్చోబెట్టి, ప్రతిపాదకుల పేర్లను ఓటర్ల జాబితాతో సరిచూడమనండి. చిన్న అక్షరదోషానికి నామినేషను తిరస్కరించాలా వద్దా అన్నది ఆమే తేల్చాలి. గణనీయం కాని లోపానికి తిరస్కరించరాదని చట్టమే చెబుతుంది. బ్యాలెట్‌లో స్వతంత్రుల పేర్లు తెలుగు అక్షరక్రమంలో వస్తాయి, చివరి వరుసలో నోటా ఉంటుంది. నోటా 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది.

ఐదో అడుగు: ప్రచారం

రెండు రోజులు చాలు. ప్రార్థన సమయంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, చేతిరాత పోస్టరు ఒకటి, ఖర్చు లెక్క ఒక పేజీ. పోలింగుకు 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలన్న నియమాన్ని మీరు ఒక పూర్తి రోజుగా అమలు చేయండి. చాక్లెట్లు పంచినవారి మీద ఫిర్యాదు రాతపూర్వకంగా రావాలి, సాక్షి ఉండాలి.

వాగ్దానాన్ని ఎలా తూచాలో చెప్పడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించడంతో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 శాసనసభ ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద వాగ్దానమైంది. 1995లో అమలైంది, 1997లో సడలిపోయింది. ఈ నాలుగు మెట్లను బోర్డు మీద గీసి, డిమాండు ఎవరిది, వాగ్దానం ఎవరిది, చట్టం ఎవరు చేశారు, ఖర్చు ఎవరు భరించారు అని అడిగితే, అభ్యర్థుల మూడు నిమిషాల ఉపన్యాసాల మీద మర్నాడు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది.

ఆరో అడుగు: పోలింగ్ రోజు

యంత్రం లేదు కదా అని చింతించవద్దు. నేర్పడానికి కాగితమే మేలని నా నమ్మకం, ఎందుకంటే కాగితంలో తప్పు కంటికి కనిపిస్తుంది. ఈవీఎం గురించి అట్టపెట్టెలతో చూపించవచ్చు: అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్, తెర వెనుక బ్యాలెట్ యూనిట్, దాని పక్కన, పడిన ఓటును కాగితం మీద చూపించే వీవీప్యాట్. అధికారి 'బ్యాలెట్' మీట నొక్కితే తప్ప ఓటరు నొక్కింది పనిచేయదు. ఓటు వేశాక వీవీప్యాట్ గాజుపలక వెనుక స్లిప్పు ఏడు సెకన్లు కనిపించి తెగి పడిపోతుంది.

గది అమరిక సరిగ్గా నిజమైన బూతులా ఉండాలి. లోపలికి ఒక ద్వారం, బయటికి మరో ద్వారం. మొదటి పోలింగ్ అధికారి జాబితాలో పేరు చూసి పైకి చదువుతాడు. ఏజెంట్లకు వినపడేలా చదవడమే అక్కడ కీలకం. ఆ బల్ల వెనుక ఏజెంట్లు తమ తమ జాబితా ప్రతులతో కూర్చుంటారు. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకం తీసుకుంటాడు. మూడో అధికారి బ్యాలెట్‌ను కౌంటర్‌ఫాయిలు (పుస్తకంలోనే మిగిలే ముక్క) నుంచి చించి ఇస్తాడు. అసలు సిరాలో సిల్వర్ నైట్రేటు ఉంటుంది, అది చర్మం మీద వెలుతురు తగిలి నల్లబడుతుంది. బడిలో మార్కరు చాలు, భౌతికశాస్త్రం చెప్పే సారును ఒక పది నిమిషాలు రమ్మంటే సంతోషంగా వస్తారు. బ్యాలెట్ పత్రాన్ని ముందు నిలువుగా ఎందుకు మడవాలో కూడా చేసి చూపించండి: అడ్డంగా మడిస్తే తడి సిరా మరో అభ్యర్థి వరుస మీద అంటుతుంది, నిలువుగా మడిస్తే అదే వరుసలో అంటుతుంది. ఈ ఒక్క మడత చూసి ఆశ్చర్యపోని పిల్లను నేను చూడలేదు.

పోలింగ్ మొదలు కాకముందు ఖాళీ పెట్టెను ఏజెంట్లకు తలకిందులు చేసి చూపించి, సీలు వేసి, సీలు మీద వారి సంతకాలు తీసుకోండి. నిజమైన పోలింగులో గంటన్నర ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, ఫలితం చూపించి, ఆ ఓట్లు చెరిపివేశాకే అసలు పోలింగ్ మొదలవుతుందని అప్పుడు చెబితే మనసుకు పడుతుంది.

అంతా సాఫీగా జరిగితే నేర్చుకునేది తక్కువ. అందుకని కొందరు ఓటర్లకు ముందే రహస్యంగా చీటీలు ఇవ్వండి. ఒకరి పేరుతో అంతకుముందే ఎవరో ఓటు వేసి వెళ్లారు: అసలు ఓటరుకు విడిగా టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చి, దాన్ని పెట్టెలో వేయకుండా కవరులో పెట్టాలి. ఒక ఏజెంటు 'ఈమె ఆమె కాదు' అని అభ్యంతరం చెప్పాడు: రెండు రూపాయలు కట్టించుకుని, పోలింగ్ కేంద్రానికి పెద్దగా ఉండే ప్రిసైడింగ్ అధికారి విచారించాలి. ఒకరు సంతకం పెట్టాక ఓటు వేయనన్నారు: బలవంతం చేయకుండా రిజిస్టరులో ఆ మాట రాసి సంతకం తీసుకోవాలి. ఒకరు తన బ్యాలెట్‌ను స్నేహితుడికి చూపించబోయారు. ఒకరికి చూపు లేదు, తోడు తెచ్చుకున్నారు. చివరిగా, గడువు గంట కొట్టే సమయానికి వరుసలో పన్నెండు మంది ఉన్నారు. అప్పుడు చీటీలు వరుస చివరినుంచి పంచుకుంటూ ముందుకు రావాలి. ముందునుంచి పంచితే ఆలోపు వెనక ఇంకొందరు చేరిపోతారు. పిల్లలు మొదట ముందునుంచే పంచుతారు, పంచనివ్వండి.

ఏడో అడుగు: లెక్కింపు

మొదటి ఏడాది మా ఎన్నికలో రిజిస్టరులో సంతకాలు 212, పెట్టెలో బ్యాలెట్లు 215. గెలిచిన అభ్యర్థి ఆధిక్యం రెండు ఓట్లు. గదిలో గోల మొదలైంది. ప్రిసైడింగ్ అధికారిగా ఉన్న తొమ్మిదో తరగతి అబ్బాయి నా దగ్గరికి వచ్చి, 'సార్, మూడు చింపేస్తే సరిపోద్ది కదా' అన్నాడు. నాకూ ఒక్క క్షణం అదే తేలికనిపించిందని ఒప్పుకోవాలి. ముందు కౌంటర్‌ఫాయిళ్లు లెక్కపెట్టించాను, 215 ఉన్నాయి. అంటే బ్యాలెట్లు దొంగవి కావు, సంతకాలే తగ్గాయి. తరువాత ఏజెంట్ల జాబితా ప్రతులు తెప్పించాం. వెనక బెంచీలో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న ఏజెంటు అమ్మాయి ప్రతిలో టిక్కులు సరిగ్గా 215. దాన్ని రిజిస్టరుతో పేరు పేరునా పోల్చితే, మధ్యాహ్న భోజనం గంట కొట్టినప్పుడు రెండో అధికారి నీళ్లకు లేచిన రెండు నిమిషాల్లో వరుసగా ముగ్గురు సంతకం లేకుండా దాటిపోయారని తేలింది. తేడా ఆధిక్యం కంటే ఎక్కువ కనుక మర్నాడు రీపోలింగ్ పెట్టాం. గెలిచినవారు మారలేదు, ఆధిక్యం పెరిగింది. ఆ ఏడాది నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ ఆ బడి పిల్లలకు గుర్తున్నది ఆ అమ్మాయి టిక్కుల కాగితమే.

అందుచేత పెట్టె తెరవకముందే ఒక లెక్క పత్రం రాయించండి: ముద్రించిన బ్యాలెట్లు, ఇచ్చినవి, మిగిలినవి, పాడైనవి, టెండర్డ్ ఓట్లు, రిజిస్టరులో సంతకాలు. నిజమైన పోలింగులో ఈ పని చేసేది ఫారం 17సీ. దాని ప్రతిని అక్కడికక్కడే ఏజెంట్లకు ఇస్తారు, లెక్కింపు రోజున యంత్రం చూపే మొత్తాన్ని దానితోనే పోల్చుతారు. శాసనసభ నియోజకవర్గానికి ఐదు పోలింగ్ కేంద్రాలను లాటరీలో ఎంచి వీవీప్యాట్ స్లిప్పులను కూడా లెక్కిస్తారని ఇక్కడే చెప్పండి.

ఓట్లు వేరుచేసేటప్పుడు, సందేహమున్న ప్రతి బ్యాలెట్‌నూ అందరికీ చూపించి, చెల్లుతుందో లేదో కారణంతో సహా రిటర్నింగ్ అధికారి చేత చెప్పించండి. చివరగా ధరావతు లెక్క. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ధరావతు పోతుంది. ఈ లెక్కలో నోటాను కలపరు. చెల్లిన ఓట్లు 180 అయితే 30 వచ్చినవాడి టోకెను పోయినట్టే, 31 వస్తే దక్కుతుంది. ఓట్లు సమానంగా వస్తే చీటీ తీసి తేల్చుతారన్నది చెప్పగానే నవ్వుతారు, కాని అదీ చట్టంలో ఉన్నదే.

ఎనిమిదో అడుగు: జాబితాతో ఇంటికి

ఎన్నిక ముగిసిన వారం, తమ వీధి ఉన్న పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితాను ఇంట్లోవారి సాయంతో చూడమని చెప్పండి. జాబితా బూత్ లెవల్ అధికారి దగ్గర ఉంటుంది, ఎన్నికల సంఘం యాప్‌లో కూడా పేరు వెతకవచ్చు, సందేహాలకు 1950 నంబరు ఉంది. పిల్లలు తేవాల్సింది మూడు గడుల కాగితం మాత్రమే: మా ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయా, తప్పులున్నాయా, ఏ ఫారం అవసరం. చనిపోయిన తాతయ్య పేరు ఇంకా ఉందని ఒకరు, పెళ్లయి పొదిలి వెళ్లిన అక్క ఓటు ఇక్కడే ఉండిపోయిందని మరొకరు రాసుకొస్తారు. మొదటిదానికి ఫారం 7, రెండోదానికి అక్క అత్తవారి ఊళ్లో ఫారం 8 అని వాళ్లే చెప్పగలగాలి.

ఇంట్లో అన్నో అక్కో ఇంటర్మీడియట్ చదువుతుంటే మరో విషయం చేరవేయమనండి. ఇప్పుడు అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు దాటినవారు ముందుగానే ఫారం 6 ఇచ్చి ఉంచవచ్చు, 18 నిండాక వచ్చే అర్హత తేదీకి పేరు చేరుతుంది. పదో తరగతి పిల్లలచేత తమ పుట్టినరోజును బట్టి తాము ఏ తేదీకి అర్హులవుతారో లెక్కగట్టించి, ఆ తేదీని నోటుపుస్తకం వెనక అట్ట మీద రాయించండి.